జరీ బలకాలు

కరోనా అణిగి, జనం మళ్ళీ ధైర్యంగా గుంపుల్లోకి రావడం మొదలుపెట్టిన ఏడాది అది. హిందూపురం నుంచి పరిగి వెళ్ళే వైపు, ఊళ్ళకు ఎడంగా, ఎర్రమట్టి నేలలో ఒక గుర్రప్పందేల మైదానం ఉంది. ఎండలు ముదరక ముందే ఏటా ఒక ఆదివారం అక్కడ పందేలు జరుగుతాయి. నేను హిందూపురంలో పశువుల డాక్టర్ని. ఏడాది పొడుగునా బర్రెల ఈతలు, గొర్రెల రోగాలు, కుక్కలకు టీకాలతోనే సరిపోతుంది. ఆ ఒక్క ఆదివారం మాత్రం నా హోదా మారిపోతుంది. ట్రాక్ ఎక్కే ప్రతి గుర్రాన్నీ ముందు నేను చూడాలి. నేను సరే అంటేనే దానికి నంబరు గుడ్డ కడతారు. వద్దంటే కట్టరు. ఆ అధికారం నాకు చాలా ఇష్టమని చెప్పడానికి నేనేమీ మొహమాటపడను.

ఈ పందేలు చూడటానికి వస్తామనే వాళ్ళు నన్ను ముందుగా అడిగేది, ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందని. అందరూ పోయి ఫినిషింగ్ గీత దగ్గర తోసుకుంటారు. అక్కడ మీకు కనిపించేది దుమ్మూ, ముందువాడి వీపూ. నా మాట వింటే రెండో మలుపు దగ్గర కంచె పక్కన నిలబడండి. మా ట్రాక్ మీద గుర్రాలు ఎప్పుడూ కుడిచేతి వైపే తిరుగుతాయి. ఆ మలుపులో లోపలి వైపు కాళ్ళ మీద పడే బరువు అంతా ఇంతా కాదు. నిజమైన రౌతు ఎవరో, ఊరికే పైన కూర్చున్నవాడెవరో అక్కడే తేలిపోతుంది.

దానికంటే ముందు పాడాక్ దగ్గరికి రండి. పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపించే గుండ్రటి ఆవరణను పాడాక్ అంటారు. అక్కడ గొడుగు తెరవొద్దు. గుర్రం వెనక నిలబడి సెల్ఫీ దిగొద్దు, దిగితే తర్వాత నా దగ్గరికి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలి. తెల్లబట్టలు వేసుకురావొద్దు, మా మట్టి ఊరుకోదు. ధర్మవరం వైపు నుంచి వచ్చేవాళ్ళు రైల్లో పెనుకొండ మీదుగా వచ్చి హిందూపురంలో దిగితే ఆటోలు దొరుకుతాయి. గేటు పక్కన బొరుగుల వగ్గాణి, మిరపకాయ బజ్జీ బాగుంటాయి. ఇది నేను డాక్టరుగా చెప్పడం లేదు.

ఆ ఏడు ధర్మవరం నుంచి వచ్చినవాళ్ళు రైలు కాదు, ఏకంగా ఒక బస్సే మాట్లాడుకుని వచ్చారు. పట్టుచీరలు నేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు అందరూ దిగారు. వాళ్ళను తెచ్చింది నాగభూషణం. ధర్మవరంలో చీరల వ్యాపారం, ఇంట్లో మగ్గాలు. బెంగళూరులో పందేలు మానిపించిన ఒక ఆడగుర్రాన్ని ఆ మధ్యనే కొన్నాడు. దానికి అక్కడ పెట్టిన ఇంగ్లీషు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదట. జూలు ఎండలో బంగారు రంగులో మెరుస్తుందని జరీ అని పిలుచుకున్నారు. జీను కింద వేసే గుడ్డ కూడా సొంత మగ్గం మీదే నేయించాడు, అంచు చూస్తే పెళ్ళికూతురి చీరే. నాకు అది చూసి నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది.

జరీ మీద ఎక్కేది నాగభూషణం తమ్ముడు శీనా. ముప్పై ఏళ్ళ మనిషి, సన్నగా, తక్కువ మాట్లాడే రకం. అన్న పెంచిన తమ్ముడు. అన్న ఎక్కమంటే గుర్రం కాదు, పులి మీదైనా ఎక్కుతాడనిపించింది. గుర్రాన్ని చూసుకునేవాడు మల్లప్ప, మడకశిర అవతల కర్ణాటక పల్లెలవాడు. గుర్రంతో పాటే వచ్చాడు. తెలుగు రాదని కాదు, వచ్చిన రోంత తెలుగునూ కన్నడంలో ముంచి తీస్తాడు.

నా పరీక్ష రెండు భాగాలుగా ఉంటుంది. మొదట గుర్రం నిలబడి ఉండగా కళ్ళు, గుండె, ఊపిరి చూసి, కాళ్ళను పైనుంచి కిందికి తడుముతాను. జరీ అందులో బాగానే ఉంది. కుడి ముందుగిట్ట రోంత వెచ్చగా తగిలింది కానీ ఎండలో నిలబెట్టిన గుర్రానికి అంతమాత్రం వెచ్చదనం మామూలే. రెండోది ట్రాట్-అప్. గట్టి నేల మీద గుర్రాన్ని పగ్గం పట్టి పరుగులాంటి నడకతో తీసుకుపోయి, మళ్ళీ నా వైపు తీసుకురావాలి. కుంటు ఉంటే అందులో బయటపడుతుంది. పగ్గం పట్టడానికి మల్లప్ప ముందుకు వచ్చాడు. నాగభూషణం అతన్ని పక్కకు జరిపాడు.

"నేనే పట్టుకుంటా డాక్టరమ్మా. మావాళ్ళంతా చూస్తాండారు."

పట్టు చొక్కా వేసుకుని, గుర్రం తల పైకెత్తి ఉండేలా పగ్గం బిగించి పట్టి, ఊరేగింపులో నడిచినట్టు నడిచాడు. బస్సువాళ్ళు ఈలలు వేశారు. గుర్రం దివ్యంగా కనిపించింది. తిరిగొచ్చి, ఆయాసపడుతూనే గర్వంగా అన్నాడు.

"చూసినావా అమ్మా? కుడికాలు చూడు, దాంట్లోనే ఉండాది దీని సత్తువంతా. నేను చెప్పేది కాదు, గుర్రాల్లోనే పుట్టి పెరిగిన మల్లప్ప చెప్పేది. మూడు నాలుగు దినాల్నుంచి పొద్దున లేస్తానే ఆ కాలు తట్టి అదే మాట. బలకాలు అన్నా, బలకాలు అని. అన్నప్పుడల్లా వానికి టీ, బన్ను ఇప్పిస్తాండా."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ధర్మవరంలో బలకాలు అంటే బలమైన కాలు. హిందూపురంలో పుట్టినదాన్ని, సగం బంధువులు కన్నడంలో తిట్టుకునే ఇంట్లో పెరిగినదాన్ని, నాకు ఆ మాట వేరే రకంగా వినిపించింది. కన్నడంలో బల అంటే కుడి. ఎడమకాలు ఎడగాలు, కుడికాలు బలగాలు, మల్లప్ప తెలుగులో పడి అది బలకాలు అయింది, అంతే. మనిషి రోజూ పొద్దున్నే వచ్చి కుడికాలు, కుడికాలు అంటున్నాడంటే పొగడటానికి అనడు.

మల్లప్పను దగ్గరికి పిలిచి కన్నడంలో అడిగాను. అతని ముఖం విప్పారిపోయింది. గబగబా చెప్పేశాడు. కొత్త లాడాలు కొట్టించిన మర్నాటి నుంచి జరీ ఆ గిట్టను నేల మీద నిండుగా మోపడం లేదట. నిలబడినప్పుడు రోంత ముందుకు చాపి పెడుతోందట.

"అన్నకి చెప్పలేదా మల్లప్పా?"

"దినా చెప్పినా అమ్మా. బలకాలు చూడన్నా, చూడన్నా అని. అన్న నవ్వి, నాకు తెలుసులేప్పా అంటాడు. డాక్టరుతో మాట్లాడుకున్నాడేమో అనుకొంటి."

ఇతను చెప్పానని అనుకున్నాడు, అతను విన్నానని అనుకున్నాడు. మధ్యలో గుర్రం నొప్పి టీ, బన్నుల్లో కలిసిపోయింది.

నాగభూషణం చేతిలోంచి పగ్గం తీసుకుని మల్లప్పకు ఇచ్చాను. పగ్గం బిగించి తల పైకి పట్టుకుంటే కుంటు కనపడదు. తల స్వేచ్ఛగా ఉండాలి. ముందుకాలు నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి ఎత్తుతుంది, బరువు పడకుండా తప్పించుకోవడానికి. పగ్గం వదులుగా పెట్టి, గేటు ముందు సిమెంటు నేల మీద కుడి వైపుకు గుండ్రంగా తిప్పమన్నాను. మొదటి చుట్టులోనే కనిపించింది. కుడిగిట్ట పడినప్పుడల్లా ఆ బంగారు జూలు ఎగిరెగిరి పడుతోంది. ఈలలు ఆగిపోయాయి.

హూఫ్ టెస్టర్ అని పెద్ద పటకారు లాంటిది ఉంటుంది. గిట్టను దానితో కొద్దికొద్దిగా నొక్కుతూ పోతే నొప్పి ఎక్కడుందో గుర్రమే చెబుతుంది. లోపలి వైపు మేకు దగ్గరికి రాగానే జరీ కాలు లాగేసుకుని నన్ను ఒక్క తోపు తోసింది. లాడం మేకు గిట్టలోని మెత్తని భాగానికి మరీ దగ్గరగా దిగింది. అలాంటిచోట చీము పట్టడానికి ఎక్కువ సమయం అక్కర్లేదు.

"ఈ గుర్రం ఇయాల పరిగెత్తదు," అన్నాను.

నాగభూషణం నాకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఒక్క పందెం. ఒకే ఒక్క రౌండు. తర్వాత నువ్వు ఏం చెప్తే అది చేయిస్తా. బస్సు నిండా జనాన్ని పిల్చుకొచ్చినా. ఈళ్ళ ముందర నా మొగం యాడ పెట్టుకోవాల?"

పందేలు నడిపే కమిటీ పెద్దాయన కూడా పరుగున వచ్చాడు. "ఏందమ్మా ఇది? మైకులో పేరు చెప్పేసినాం. ధర్మవరం గుర్రమని జనం కాసుకొనుండారు. రోంత కుంటు యా గుర్రానికి ఉండదు?"

నాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అది తెలిసినవాళ్ళు అప్పుడు పక్కకు తప్పుకుంటారు. "మంచిది పెద్దాయనా, పరిగెత్తించండి. నేను నా బ్యాగు తీసుకొని ఇంటికి పోతా. డాక్టరు లేకుండా మిగిలిన గుర్రాలన్నీ ఎట్ల పరిగెత్తిస్తారో మైకులో అది కూడా చెప్పండి."

పెద్దాయన ఆకాశం వైపు చూశాడు. నేను నాగభూషణాన్ని రెండో మలుపు కనిపించే చోటికి తీసుకెళ్ళాను.

"అన్నా, ఆ మలుపులో గుర్రం కుడికి తిరుగుతాది. పక్కన ఇంగో గుర్రం ఆనుకొని వస్తాంటాది. అప్పుడు ఈ గిట్ట నొప్పికి మడత పడిందనుకో. గుర్రం బతకదు, కాలు విరిగిన గుర్రాన్ని నేనే చంపాల్సొస్తాది. దాని కిందపడేది ఎవురు?"

అతను మలుపు వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశాడు. శీనా అప్పటికే తలకు హెల్మెట్టు పెట్టుకుని, పట్టీ బిగించుకుని, అన్న ఏం చెబుతాడా అని ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. ఎక్కమన్నా సరే, వద్దన్నా సరే అన్నట్టు. నాగభూషణం తనే పోయి జీను విప్పాడు. మగ్గం గుడ్డను మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"తీసేయండమ్మా లాడం," అన్నాడు.

లాడాలు కొట్టే అతను మైదానంలోనే ఉన్నాడు. లాడం ఊడదీయించి, మేకు రంధ్రం కొద్దిగా పెద్దది చేశాను. నల్లటి చీము బొట్లు బొట్లుగా కారింది. ఆ వాసన భరించడం కష్టం కానీ మా వృత్తిలో అంతకంటే సంతోషపెట్టే వాసన ఇంకొకటి లేదు. బయటికి వచ్చిందంటే నయమవుతుందని అర్థం. ధనుర్వాతం ఇంజెక్షన్ వేసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళ బకెట్లో గిట్ట పెట్టించాను. జరీ పెద్దగా ఊపిరి వదిలి, చెవులు వదులు చేసి, మల్లప్ప భుజం మీద తల ఆనించింది. బస్సులో వచ్చిన ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి చూశారు. నవ్వినవాళ్ళు లేరు. ఒక పెద్దావిడ జరీ ముక్కు నిమిరి, "నోరు లేనిది, పాపం," అంది.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. తీసుకొచ్చినవాళ్ళను ఏ కాలు అని నోటితో అడగడం మానేశాను. దానికి నొప్పి ఉన్నచోట మీ చెయ్యి పెట్టి, నొప్పి ఎలా ఉందో మీ ముఖంతో చూపించండి అంటాను. హిందూపురంలో అయినా, ధర్మవరంలో అయినా, గొర్రె అయినా, గుర్రమైనా ఇదే. నా రోగులు మాట్లాడరు. వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మాట పలుకుతారు, వినేవాళ్ళు తమకు నచ్చిందే వింటారు. ఇష్టమైన మాట విన్నప్పుడే ఇంకోసారి అడగాలని నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ రోజు పందేలు ముగిసి జనం కదులుతున్నప్పుడు జరీ గిట్టకు కట్టు కట్టడానికి మళ్ళీ వెళ్ళాను. నాగభూషణం పట్టు చొక్కాతోనే మట్టిలో గొంతుక్కూర్చుని జరీ గిట్టను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. నీళ్ళు పోస్తున్నది శీనా. ఇద్దరూ నన్ను గమనించలేదు.

"నిన్ను గుర్రం మీద అందరూ చూడాలని కదరా శీనా, బస్సు కట్టించింది," అన్నాడు తమ్ముడితో.

శీనా చెంబు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"చూడన్నా, ఈడ నిలబడుండా కదా. నా కాళ్ళ మీద."