అమ్మ పలకలేని పేరు

మా చిన్నప్పుడు... సంగటి ముందు కూర్చుని అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. సగంలో ఆగిపోయి మోచేత్తో నా డొక్కలో పొడిచేది. నేను గట్టిగా "యేసయ్యా" అనాలి. అప్పుడు తను మిగతాది అందుకునేది.

ఎందుకంటారా? మా నాయన పేరు కూడా యేసయ్యే! మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదు కదా, ఆ రోజుల్లో...

పుట్టినప్పుడు ఆయన ఓబులు. ఉదయగిరి కొండ కింద పల్లెలో చెప్పులు కుట్టేవాడు. ధాత సంవత్సరం వచ్చిన పెద్ద కరువులో మా తమ్ముడు పోయాక, ఆత్మకూరు నుంచి వచ్చే బోధకుడి మాటలు విని బాప్తిస్మం తీసుకున్నాడు. పాత పేరు వద్దని బోధకుడే ఈ పేరు పెట్టాడు. ఈ మనిషికి ఇంట్లో ఒక పెళ్ళాం ఉందని ఆ మహానుభావుడికి తట్టనే లేదు!

అమ్మకూ ఆ దేవుడంటే ప్రాణం. కానీ పేరు పలకలేదే... "మా ఇంటాయన పేరుగలాయన" అనేది. నవ్వొచ్చేది నాకు.

తర్వాత నవ్వు రాలేదు.

అమ్మకూ బాప్తిస్మం ఇమ్మని నాయన అడిగాడు. దానికి ముందు పదిమందిలో ప్రశ్నలుంటాయి. ఎవరిని నమ్ముకున్నావమ్మా అని బోధకుడు అడగ్గానే అమ్మ నా డొక్కలో పొడిచింది. నేను నోరు తెరిచేలోపే ఆయన ఆపేశాడు. ఎవరి నమ్మకం వాళ్ళ నోటితోనే చెప్పాలట.

నాయన సంగతి విప్పి చెప్పాడు. సరే, పేరు వద్దు, ప్రభువు అనమన్నాడు బోధకుడు. ప్రభువంటే ఏందని అమ్మ అడిగితే, దొర అని చెప్పాడు.

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"దొరంటే మా రెడ్డి గదయ్యా... ఆయన ఎదురుపడితే చెప్పులు చేతబట్టుకొని పక్కకు పోతాను. ఈయనతో నా బిడ్డ పోయిన బాధ చెప్పుకుంటా ఉండాను. ఈయన్ని గూడా దొరా అంటే, ఇంక యాడ చెప్పుకునేది?"

పోనీ రక్షకుడు అనమన్నాడు. ఆ మాటకు అమ్మ నోరు తిరగలేదు. బోధకుడికి విసుగొచ్చింది. పాత ఆచారాలు ఇంకా వదల్లేదు, మళ్ళీ చూద్దాం అని వెళ్ళిపోయాడు.

ఇక అమ్మ గతి ఏమని చెప్పను? నాయన కొత్త దారి పట్టాడని చుట్టాలు అప్పటికే మా గడప తొక్కడం మానేశారు. ఇటు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళూ కలుపుకోలేదు. పైగా, బాప్తిస్మం లేకపోతే చచ్చాక మొగుడున్న చోటికి పోలేవని ఎవరో చెప్పారు. అదే అమ్మను తినేసింది. ముద్ద మింగుడు పడేది కాదు. చూడలేక నాయన, ఈసారి బోధకుడయ్య వస్తే నా పేరే మార్చమంటాలే అన్నాడు.

అయ్య రాకముందే వాంతిబేది వచ్చింది. తెల్లారి పట్టుకుంది, పొద్దుగుంకేలోపు నాయన లేడు.

మర్నాడు బోధకుడు వచ్చి నిలబడ్డాడు. నాయన్ని గుంతలోకి దించుతుంటే అమ్మ ఒక్కసారిగా అరిచింది.

"యేసయ్యా... నన్ను ఇడిచిపెట్టబాకయ్యా!"

ఆ పేరు అమ్మ నోట వినడం అదే మొదలు. మొగుడి పేరు అనేసిందని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. బోధకుడు మాత్రం కళ్ళు తుడుచుకుని, ఒప్పుకుంది, అందరి ముందూ ఒప్పుకుంది అన్నాడు. వానలు పడ్డాక ఆత్మకూరు అవతల పెన్నలో అమ్మకు బాప్తిస్మం ఇచ్చాడు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. మనిషి ఏడుపును కూడా జవాబు కింద రాసుకుంటారా?

తడి చీరతో వస్తుంటే అడిగాను, ఆ రోజు ఎవరిని పిలిచావమ్మా అని.

"ఇద్దర్లో ఎవురు ఇన్నా చాలనుకున్నాను మే" అంది.

ఆ తర్వాత కూడా, చచ్చేదాకా, ఆ పేరు దగ్గర ఆగి నా డొక్కలో పొడుస్తూనే ఉంది.

ఇప్పుడు మా మనవరాళ్ళు మొగుళ్ళను పేరు పెట్టే పిలుస్తున్నారు. దేవుడి పేరూ అంతే తేలిగ్గా అనేస్తున్నారు... మంచిదే. నేను మాత్రం ప్రార్థనలో ఆ పేరు దగ్గరికొచ్చి ఆగిపోతాను. పొడిచే మోచెయ్యి లేదు.

మీ అమ్మలు, అవ్వలు కూడా ఏ పేరో నోట అనలేక మీ చేత అనిపించే ఉంటారు... ఎవరి పేరది? చెప్పండి, వింటాను.