స్వరూప చెబితేనే అర్థమయ్యేది

నిన్న మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాస్ చెబుతుంటే స్వరూప వాళ్ల అన్న ఫోన్ చేశాడు.

మైక్ మ్యూట్ చేయడం మర్చిపోయాను.

"వాణీ, మన స్వరూప పోయింది" అన్నాడు. నా స్టూడెంట్స్ అందరూ విన్నారు. తర్వాత క్లాస్ ఎలా ముగించానో గుర్తులేదు.

నిన్నటి నుంచి అందరూ దాని ఫొటోలు పెట్టి దేవత అని రాస్తున్నారు. నేను అలా రాయలేను. నాకు స్వరూప అంటే ప్రాణం. అంతకు మించి కుళ్లు.

మనవాళ్లు మగ్గాల పనికి వలసొచ్చి ఉండే బమ్రోలిలో మావి పక్కపక్క ఇళ్లు. ఇద్దరి నాన్నలదీ లూమ్స్‌లో పని. ఇద్దరం మైక్రోబయాలజీ చదివాం. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి ఒకే రైల్లో వెళ్లాం.

సీటు దానికొచ్చింది. నేను కోచింగ్ సెంటర్‌లో టీచర్‌గా చేరాను.

కొవ్వు పొర ఉన్న వైరస్‌లు మన కణంలోకి ఎలా దూరతాయన్నది దాని రీసెర్చ్. లాక్‌డౌన్‌కి ముందు ఇంటికొచ్చి ఇక్కడే చిక్కుకుపోయింది.

మా గల్లీలో మొదటి కేసు వచ్చినప్పుడు ఆడవాళ్లంతా భయపడి మా గుమ్మం ముందు చేరారు. నేను ఫోన్‌లో నా స్లైడ్స్ తీసి, స్పైక్ ప్రోటీన్, రిసెప్టర్ అంటూ మొదలుపెట్టాను.

ఎదురింటి రాజవ్వ మధ్యలోనే ఆపింది. "జర ఆగు బిడ్డా, స్వరూపను చెప్పనియ్యి."

స్వరూప స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, రెండు నూనె చుక్కలు వేసింది. అగ్గిపుల్లతో ఒకదాన్ని రెండోదాని దగ్గరికి నెట్టింది. రెండూ కలిసి ఒకటే చుక్క అయ్యాయి.

"చూసిండ్రా? వైరస్ మీద గిట్లనే కొవ్వు పొర ఉంటది. మన కణం మీద గూడ గసొంటిదే. ఊకెనే కలువయి. వైరస్ మీది ముల్లు మన కణాన్ని పట్టుకుంటది. మడతపడి రెండు పొరలను దగ్గరికి గుంజుతది. గప్పుడు రెండు ఒక్కటైతయి. దాని లోపలున్నది మన లోపలికొస్తది."

తర్వాత ఒక బొట్టు సబ్బు నీళ్లు వేసింది. నూనె చెదిరిపోయింది.

"సబ్బు తగిలితే ఆ పొరే ఆగమైతది. గందుకే చేతులు కడుక్కోమనేది."

ఎన్నేళ్లుగానో నేను చెబుతున్న పాఠమే అది. ఆ పళ్లెం నాకెందుకు తట్టలేదు?

ఒకరోజు డాబా మీద అది నాతో అంది: "ముల్లు మడతపడక ముందు ఎట్లుంటదో తెల్సు, పడ్డంక ఎట్లుంటదో తెల్సు. నడుమల ఏమైతదో సక్కగ ఎవ్వలు చూడలేదే. నాకు గది చూడాలె."

దానికొచ్చిన సీటు కన్నా, దాని దగ్గరున్న ఆ ప్రశ్న మీద ఎక్కువ కుళ్లుకున్నాను. నాకు అలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు.

పెద్దవాళ్లకు టీకాలు మొదలైనప్పుడు మా అమ్మ వెళ్లనంది. తను పనికెళ్లే, చీరలకు దారాలు కత్తిరించే చోట ఎవరో చెప్పారట, సూదిలో రోగమే ఎక్కిస్తారని. నేను బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. కదల్లేదు.

స్వరూప వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. "చిన్నమ్మా, ఆ ముల్లు ఎట్లుంటదో నీ ఒంటికి, నీ పెయ్యికి ముందే చూపెడ్తరు, గంతే. రేపు అసలుది వస్తే నీ పెయ్యి గుర్తువట్టి ఆ ముల్లుకు అడ్డం వడ్తది. పట్టు దొరకకుంటే లోపలికెట్లొస్తది?"

అమ్మ చెప్పులు వేసుకుంది.

కన్నకూతురిని నేను. నా మాట కాదు, దాని మాట విన్నది.

సెకండ్ వేవ్‌లో అమ్మకు జ్వరం వచ్చింది, ఇంట్లోనే తగ్గింది. స్వరూపకూ వచ్చింది. మా వయసు వాళ్లకు అప్పటికి ఇంకా టీకా ఇవ్వడం లేదు. హాస్పిటల్ నుంచి వీడియో కాల్ చేసి, మాస్క్ వెనక నుంచి ముందు అమ్మ గురించే అడిగింది.

ఈ ఉదయం అమ్మ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. "ఏడ్వకే అమ్మా, ఆయాసమొస్తది" అన్నాను.

"నా పానం అది నిలవెట్టె. దాని పానం ఎవ్వలు నిలవెట్టకపోతిరి" అంది.

మా అమ్మను నిలబెట్టింది నేను కాదు. స్వరూపా, నీ మీద ఈ కుళ్లు ఎప్పటికీ పోదు. పోవద్దు కూడా.

పోయిరావే. అక్కడ ఊపిరి నిండా పీల్చుకో. నిమ్మళంగా ఉండు.