నిద్రపోని మా కంప్యూటర్

మా కంప్యూటర్ కీబోర్డు మీద నిద్రపుచ్చే బటన్ ఒకటుంది. కొన్నాళ్లుగా అది నొక్కితే కంప్యూటర్ నిద్రపోకుండా పూర్తిగా ఆగిపోతోంది. రాసుకుంటూ మధ్యలో లేచే అలవాటున్న నాకు ప్రతిసారీ మొదట్నుంచి ఆన్ చేసుకోవడం విసుగొచ్చి, ఇవాళ నందిగామ నుంచి మెకానిక్‌ని పిలిపించాను.

ఆయన డబ్బా విప్పి, దుమ్ము ఊది, వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టి, చివరికి సెట్టింగులు తెరిచి నవ్వాడు.

"ఇది రిపేరు కాదు చెల్లెమ్మా. ఆ బటన్ నొక్కితే ఆగిపోవాలని ఎవరో కావాలనే పెట్టారు. మార్చేయమంటావా?"

"ఎవరు పెడతారండీ? అక్కా నేనూ తప్ప దీన్ని ముట్టుకున్నవాళ్లే లేరు."

టీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగింది.

"పెద్దదే పెట్టింది. కరెంటు పోయి నీ కథ పోయిందని అన్నం మానేసి ఏడ్చావు కదే. నిద్రలో పెడితే కరెంటు పోయినప్పుడు అన్నీ పోతాయంట. ఆపితే, దాచమంటావా అని ముందే అడుగుద్దంట. ఇక దీని రాతలు పోవులే అమ్మా, అంది."

ఆ వారమే అక్కకు జ్వరం వచ్చింది. నాకీ సంగతి చెప్పడానికి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

మెకానిక్ మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఉండనీయండి," అన్నాను.

మాటలంటే పడి చచ్చే నాకు, రోజూ తెర మీద 'దాచమంటావా' అని అడుగుతున్నది ఎవరో ఇన్నాళ్లూ తెలియలేదు. మీ ఇంట్లో కూడా ఇలా బాగుచేయించబుద్ధి కాని వస్తువు ఏదైనా ఉందా?