కస్మినీ డేరాకు కొత్త తెర

ఆ ఏడు వానాకాలం మొదట్లో వీచిన గాలి బాబత్ కూడలిలో ఇంకెవరి జోలికీ పోలేదు గాని, కస్మినీ నడిపే తిండి డేరా ముందు వేలాడే తెరను మాత్రం నిలువునా చీల్చేసింది. పెళ్లయిన కొత్తలో కట్టిన గుడ్డ అది. దాని మీద ఆకుపచ్చ కోడి, పసుపు బాతు, మధ్యలో మీసాలు తిప్పిన లేలే చేప. చిరుగు సరిగ్గా చేప నడుము మీదుగా పోయింది. మీసాలొక పక్క, తోకొక పక్క.

తమ్సీర్ సూదీ దారం పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. "కుడితే అతుకు కనిపిస్తుందేమో," అన్నాడు పెళ్లాంతో.

"కనిపించనీ. చేపకి ఆపరేషన్ అయిందనుకుంటారు," అంది కస్మినీ, చేపలకు పసుపు పట్టిస్తూ.

పక్కనే వెల్లుల్లి ఒలుస్తున్న కూతురు తలెత్తింది. "కుట్టకు నాన్నా. కొత్తది నేను చేస్తా."

ఆ పిల్ల పేరు అల్ఫియాతుల్. ఇంట్లోనూ బడిలోనూ అల్ఫి. పదిహేడేళ్లుంటాయి. నడక వచ్చినప్పటినుంచీ ఆ డేరాలోనే పెరిగింది. అన్నం పొట్లాలు కట్టే కాగితాల వెనుక బొమ్మలు వేసేది. ఒకసారి గుమాస్తా ఒకాయన పొట్లం విప్పి, కాగితం మీద తన బట్టతల చూసుకుని, మర్నాడు వచ్చి ఇంకో పొట్లం కట్టించుకున్నాడు. పెద్దయ్యాక వృత్తి విద్య బడిలో కంప్యూటర్ మీద బొమ్మలు నేర్పే తరగతిలో చేరతానంటే కస్మినీ ఒప్పుకోలేదు. "బొమ్మలేసుకోడానికి బడెందుకే? ఇంట్లో గోడల్లేవా?" అంది. తమ్సీర్ ఏమీ మాట్లాడకుండా వెళ్లి చేర్పించి వచ్చాడు. ఆ ఇంట్లో మాట కస్మినీది, పని తమ్సీర్‌ది.

అల్ఫి ఊరికే అనలేదు ఆ మాట. ఆ వారమే బు రెత్నో కొత్త ప్రాజెక్టు ఇచ్చింది. పిల్లలు 'బు' అని పిలిచే రెత్నో వాళ్ల టీచరమ్మ, సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. "మీకు తెలిసిన మనిషి ఒకరి దుకాణానికి బొమ్మ చెయ్యండి. ఆ మనిషి సరే అన్నాకే నా దగ్గరికి తేవాలి," అంది. మిగతా పిల్లలు ఎవరిని అడగాలా అని తలలు పట్టుకుంటే, తనకి ఇంట్లోనే ఒక దుకాణమున్నందుకు అల్ఫి లోపల్లోపల సంబరపడింది.

మొదటి బొమ్మ ఒక్క సాయంత్రంలో వేసేసింది. మూల పగిలిన ఫోన్ మీద, చూపుడు వేలితో. అమ్మకు చూపించేదాకా ఆగలేక, మర్నాడు బడిలో టాబ్లెట్ మీదికి ఎక్కించి చూపించింది. బు రెత్నో చాలాసేపు చూసింది.

"ఈ చేపను నువ్వు చూశావా, ఎవరైనా చెప్తే విన్నావా?"

వెనక బల్ల నుంచి రిఫ్కీ లేచాడు. "బు, అది లేలే కాదు. మీసాలు పెంచిన సొరచేప." తరగతంతా గొల్లుమంది.

"రోజూ చూస్తాను బు," అంది అల్ఫి, మొహం ఎర్రబడి. "మా అమ్మ రోజూ డ్రమ్మెడు కోస్తుంది."

"కోసేది మీ అమ్మ. నువ్వేం చూశావు? దానికి మీసాలెన్ని?"

అల్ఫి తన బొమ్మకేసి చూసుకుంది. రెండు పెట్టింది. రెండేనా? నాలుగా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపల మధ్య పెరిగిన పిల్లకు ఆ సంగతి తెలియలేదు.

డేరాను ఆనుకునే ఉన్న ఇంటికి రాగానే సంచీ విసిరేసి, వెనక వాకిట్లో ఉన్న నీలం డ్రమ్ములో చెయ్యి పెట్టి ఒక చేపను పట్టుకుంది. వడియాలు పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కడిగి, నీళ్లు నింపి అందులో వేసింది. డబ్బా అద్దంలా ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ కనిపిస్తుంది. దాని ముందు చాప పరుచుకుని బోర్లా పడుకుంది.

మీసాలు ఎనిమిది. నాయనమ్మ తస్బీ జపమాల పూసలు తిప్పేటప్పుడు వేళ్లు కదిలినట్టు, దేనికదే విడిగా కదులుతున్నాయి. ఒళ్లు తను వేసినట్టు నల్లగా లేదు. వీపు మీద తడి బురద రంగు, పక్కల మబ్బు మచ్చలు, పొట్ట దగ్గరికొచ్చేసరికి మీగడ రంగు. కన్ను ఆవగింజంత. ఉండుండి పైకొచ్చి గుటుక్కున గాలి మింగి మళ్లీ కిందికి జారుతోంది. నోటి చివరలు కాస్త పైకి తిరిగి, ఎప్పుడు చూసినా ఏదో విని నవ్వుకుంటున్నట్టుంది.

అల్ఫి వేస్తూనే ఉంది. ఒళ్లు ఒక పొర, మచ్చలు ఒక పొర, ఒక్కో మీసం ఒక్కో పొర. మీసం కుదరకపోతే దాన్నొక్కదాన్నే తీసేసి మళ్లీ గీసేది. నాయనమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఇందాకటి చేప బాగుంది గదే. చెరిపేశావా?"

"చెరపలేదవ్వా, దాచాను. ఇదిగో," అని అల్ఫి తెరిచి చూపించింది.

"దాచిన చేప మళ్లీ వస్తుందా! మా కాలంలో గీస్తే గీసినట్టే, కోస్తే కోసినట్టే." నాయనమ్మ తన పళ్లెంలోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి డబ్బాలో వేసింది. చేప తిన్నది. అంతే, ఆ రోజునుంచి వేళకు మెతుకులు వెయ్యడం నాయనమ్మ పనైంది. మీసాలు చూసి తమ్సీర్ దానికి 'పాక్ లురా' అని పేరు పెట్టాడు. ఊరి పెద్దని పిలిచే పిలుపు అది. నీళ్లు మార్చేటప్పుడల్లా, "పాక్ లురా గారూ, కాస్త పక్కకు జరగండి," అనేవాడు.

కస్మినీ ఒక్కతే దాని వైపు చూసేది కాదు. "తినే చేపకి పేర్లేంటి? రేపు మిరపకాయల సంబల్‌కి కూడా పేరు పెడతారు," అని గొణిగేది.

మూలన పాత తెరలోలాగే ఒక బాతును కూడా వేసి, బొమ్మ పూర్తయ్యాక అల్ఫి తల్లి ముందు పెట్టింది. అప్పుడు తెలిసింది ఇంట్లోనే దుకాణముండడం ఎంత కష్టమో. కస్మినీ కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోన్‌ను దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇక్కడంతా ఖాళీగా వదిలేశావేం?"

"అది ఖాళీ కాదమ్మా. బొమ్మకి ఊపిరాడ్డానికి."

"బొమ్మకి ఊపిరెందుకే? దుకాణానికి కావాలి. అక్కడ వేయించిన టోఫూ వెయ్యి. ఇక్కడ టెంపే. పక్కన వంకాయ. నా పేరు ఇంత చిన్నదా? బస్సు డ్రైవరు దిగొచ్చి భూతద్దం పెట్టి చదువుతాడా?"

"పేరు పెద్దది చేస్తా. ఇంకా?"

"ఆ ఆకుపచ్చ నీరసంగా ఉంది. జ్వరమొచ్చినట్టు."

"అది మెత్తటి రంగమ్మా."

"మెత్తగా ఉండాల్సింది చేప. రంగు కాదు." కస్మినీ ఇంకోసారి చూసింది. ఈసారి గొంతు తగ్గింది. "అల్ఫీ, ఇది నన్నే చూస్తోందే."

అల్ఫి తల్లి చేతులకేసి చూసింది. రోజూ మధ్యాహ్నం పూట చెక్క రోకలితో చేపల తలల మీద ఒక్కొక్క దెబ్బ వేసే మనిషి అమ్మ. కన్నార్పకుండా చేసే పని. ఆ పని మీదనే తన పుస్తకాలు, బడి, చేతిలో ఫోన్ అన్నీ.

"కన్ను కాస్త కిందికి దించనా అమ్మా?"

"దించు. రోడ్డు కేసి చూడమను దాన్ని. వచ్చేవాళ్లని పిలవాలిగదా." అని, తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది.

అలా ఎన్నిసార్లు దిద్దిందో. చూపు రోడ్డు మీదున్నా, చేప మొహం మాత్రం డేరా లోపలి వైపుండాలంది కస్మినీ. బయటికి పోతున్నట్టుంటే గిరాకీ కూడా దాని వెంటే పోతుందట. అల్ఫి ఒక్క నొక్కుతో బొమ్మను తిప్పేసింది. అక్షరాలు కూడా తిరగబడ్డాయి. "ఇప్పుడు నా పేరు చైనా వాళ్లకి అర్థమవుతుంది," అంది కస్మినీ. ఒకరోజు అల్ఫికి ఏడుపొచ్చింది. దొడ్లోకి పోయి డబ్బా ముందు కూర్చుంది. చేప పైకొచ్చి గాలి మింగింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, వచ్చి అక్షరాలు సరిచేసింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం బోజొనెగొరో నుంచి పెళ్లి బృందం ఒకటి బస్సులో దిగింది. చూస్తుండగానే డ్రమ్ము ఖాళీ అయింది. చివరికి ఒకాయన మిగిలాడు. "యు కస్మినీ," అని అక్కను పిలిచినట్టు పిలిచి, "నీ లేలే కోసమే దిగానమ్మా. ఒక్కటైనా లేదా?" అని బతిమాలాడు.

కస్మినీ కత్తి పట్టుకుని వెనక వాకిట్లోకి వచ్చింది. పళ్లేలు కడుగుతున్న అల్ఫి చేతిలో పళ్లెంతోనే లేచి నిలబడింది. తల్లి డబ్బా ముందు నిలబడింది. పాక్ లురా మీసాలు ఆడిస్తున్నాడు. కస్మినీ ఒకసారి కూతురి వైపు చూసి, డబ్బా మీద వాలిన ఈగను తోలి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"అయిపోయాయి చాక్. బాతు తినండి, బాగుంటుంది," అని ఆయన్ని అన్నలా పిలిచి చెప్పిన మాట లోపలి నుంచి వినిపించింది.

అమ్మ సరే అన్నాక బొమ్మను ఫ్లెక్సీ మీద అచ్చు వేయించింది అల్ఫి. పొద్దుగూకే వేళ తండ్రీకూతుళ్లు దాన్ని కట్టారు. వెలుగున్నంతసేపూ బాగానే ఉంది. లోపల దీపం వెలిగించాక తమ్సీర్ రోడ్డు దాటి అవతలికి వెళ్లి చూశాడు.

"ఎలా ఉంది నాన్నా?" అని ఇటునుంచి కేకేసింది.

తమ్సీర్ అటునుంచి చెయ్యి ఊపి రమ్మన్నాడు. వెళ్లి చూస్తే ఏముంది, నల్లటి అట్టముక్క. చేపా లేదు, పేరూ లేదు. పక్కనున్న సోతో పులుసు డేరా పాత గుడ్డ మాత్రం వెలిగిపోతోంది, దాని మీది కోడి రెక్కలు అవతలి వీధికి కూడా కనిపించేలా. అల్ఫి జేబులోంచి ఫోన్ తీసి బొమ్మను తెరిచింది. ఇందులో ఎంత బాగుంది! ఫోన్‌నీ పక్క డేరా గుడ్డనీ మార్చి మార్చి చూసింది. అప్పుడు తట్టింది.

"నాన్నా, ఫోన్‌కీ వెనకాలే దీపముంది. మన గుడ్డకీ వెనకాలే దీపం. ఫ్లెక్సీ దాన్ని అడ్డుకుంటోంది."

"అయితే?"

"పల్చటి గుడ్డ మీద వెయ్యాలి. రంగులన్నీ మళ్లీ మొదలు."

వెలుతురు సన్నగీతల్ని మింగేస్తుందని, పాత ఫ్లెక్సీ ముక్కలూ పాత చున్నీ ముక్కలూ దీపానికి అడ్డం పెట్టి తెలుసుకుంది. మీసాలు లావు చేసింది. మచ్చలు తగ్గించింది. తను ముచ్చటపడ్డ మెత్తటి ఆకుపచ్చ దీపం ముందు ఉప్పునీళ్లలా తేలిపోతే, గాఢంగా మార్చింది. ఖాళీని మాత్రం వదల్లేదు. అక్కడినుంచే వెలుతురు ఎక్కువ వస్తుంది, చేప ఆ వెలుతురులోనే ఈదాలి. ఈసారి బొమ్మ తల్లికి చూపిస్తూ అదే చెప్పింది. కస్మినీ విన్నది. "మీ నాన్న మొండితనం నీకెందుకొచ్చిందో," అంది. అంటే సరే అన్నట్టే.

బడిలో చూపించే రోజున అల్ఫి అచ్చు వేయించిన గుడ్డను చుట్టగా చుట్టి, తండ్రి బండి మీద వెనక కూర్చుని తీసుకెళ్లింది. డేరా దీపం ఒళ్లో పెట్టుకుంది. రిఫ్కీ వాళ్ల మేనమామ సెల్‌ఫోన్ దుకాణానికి రోబో బొమ్మ వేసి, తెర మీద గిరగిరా తిప్పి చూపించాడు. తర్వాత అల్ఫి వంతు. కిటికీలు మూయించి, లైట్లు ఆర్పించింది. గుడ్డను తలుపుకి కట్టి వెనక దీపం వెలిగించింది.

లేలే చేప బంగారు రంగు వెలుతురులో ఈదుతూ వచ్చింది. ఎనిమిది మీసాలూ అటూ ఇటూ విచ్చుకుని, నోటి చివర ఆ నవ్వుతో.  రిఫ్కీయే ముందు తేరుకున్నాడు. "బు, నాకాకలేస్తోంది."

ఈసారి నవ్విన వాళ్లలో అల్ఫి కూడా ఉంది. బు రెత్నో గుడ్డ దగ్గరికి వచ్చి, వేలితో మీసం ఒకటి తడిమింది. "ఇది చూసి వేసింది," అంది. ఒక అడుగు వెనక్కి వేసి, మూలకి చూపించింది. "ఈ బాతును మాత్రం చూడలేదు నువ్వు. ఎవరో చెప్తే విన్నావు."

నిజమే. అల్ఫి దొరికిపోయినట్టు నాలిక కరుచుకుంది. మంచి మార్కులే వచ్చాయి గాని, బాతు మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రమే డేరాకు కొత్త తెర ఎక్కింది. రోడ్డు మీద పోయే లారీవాళ్లు హారన్ కొట్టి చేతులూపారు. ఒకడు ఆపి, దిగి, తెరను ఫోటో తీసుకుని, తినకుండానే వెళ్లిపోయాడు. కస్మినీ వాడి వెనకాల రోడ్డు దాకా వెళ్లి తిట్టింది. మర్నాడు అల్ఫి బడినుంచి వచ్చేసరికి, తను అంత పట్టుబట్టి ఉంచుకున్న ఖాళీకి ఎదురుగా తల్లి చిక్కుడు లాంటి పెతె కాయల గుత్తి ఒకటి వేలాడదీసి ఉంది.

"అమ్మా!"

"ఏం, కాయలు బొమ్మలో లేవుగా. బయటున్నాయి."

పాక్ లురాను ఏం చెయ్యాలో ఎవరూ పైకి అనలేదు. డ్రమ్ములో మళ్లీ వెయ్యడానికి నాయనమ్మ ఒప్పుకోదు. పండగ రోజుల్లో ఒకసారి రాత్రంతా వాన కురిసి, తెల్లారేసరికి డబ్బా ఒరిగి ఉంది. లోపల చేప లేదు. తడిమట్టి మీద పాకినట్టు సన్నటి జాడ గట్టు దాకా పోయి, పొలం కాలవ దగ్గర ఆగింది. నాయనమ్మ ఆ జాడ చూసి చాలా సంతోషించింది. ఇప్పుడు సోలో నది దాకా వెళ్లుంటాడని ఇరుగుపొరుగుకు చెప్పింది. కస్మినీ డబ్బా కడిగి, ఎండబెట్టి, మళ్లీ వడియాలు పోసింది. పోస్తూ, "ఉన్నన్నాళ్లు తిండి దండగ," అంది. ఆ రోజు మాత్రం ఎందుకో కాలవ వైపు రెండు మూడు సార్లు నడిచి వచ్చింది.

సెలవుల్లో అల్ఫి పొలాల వెంట బాతుల్ని మేపే చాక్ సుకేరి దగ్గరికి వెళ్లి, ఒక బాతును అడిగి తెచ్చుకుంది. అది వాకిట్లో ఒక్క క్షణం నిలబడదు. అల్ఫి ఫోన్ పట్టుకుని దాని వెనకే తిరుగుతుంటే, కస్మినీ వంటగది గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, చేట పక్కన పెట్టి, వచ్చి బాతును రెండు చేతులా పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"త్వరగా వెయ్యి. గోళ్లతో గీరుతోంది," అంది.

అల్ఫి ఎదురుగా నేల మీద కూర్చుని గీయడం మొదలుపెట్టింది. ముందు బాతు మెడ. తర్వాత, తల్లికి తెలియకుండా, దాన్ని పట్టుకున్న చేతులు.