రావమ్మ పెట్టని వేలిముద్ర

మా వెంకటస్వామి సారు రిటైరవుతున్నారట. సన్మాన సంచికకి ఆయన పరిశోధన గురించి రెండు పేజీలు రాసివ్వమని కాలేజీ వాళ్లు ఫోన్ చేశారు. రాస్తాను, ఎందుకు రాయను? కాకపోతే రాసేది రావమ్మ గురించి. వేసుకుంటే వేసుకోండి, లేదంటే చింపి పారేయండి.

రావమ్మది నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక పాలెం. మొగుడు వేటకి వెళ్లేవాడు. ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లంట తిరిగి అమ్మేది. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత ఆ పాలెంలో ఎక్కడ బోరు వేసినా ఉప్పే. నోట్లో పోసుకునే నీళ్ల కోసం రెండు మైళ్ల అవతల చెరువుకి వెళ్లాలి. పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె. మధ్యలో మొగుడు పోయాడు, కూతుళ్లు ఎదిగి వెళ్లిపోయారు. బిందె మాత్రం ఆమె చంక దిగలేదు.

ఆమెకి నలభై దాటాక అక్షరాస్యత ఉద్యమం వాళ్లు పాలెంలో బడి పెట్టారు. గంప దించి, కాళ్లయినా కడుక్కోకుండా వచ్చి బడి అరుగు మీద కూర్చునేది. పేరు రాయడానికి మూడు నెలలు పట్టింది. చివరి వత్తు దగ్గర చెయ్యి తిరక్క పలక నేలకేసి కొట్టబోయిందట. రాత ఒకసారి వచ్చాక ఇక ఆమెని పట్టడం ఎవరి తరమూ కాలేదు. రేషన్ షాపు డీలరు అలవాటుకొద్దీ ఇంకు ప్యాడు ముందుకి తోస్తే వెనక్కి నెట్టేసి, "పెన్నియ్యి. నా ఏలంటే నీకంత అలుసైపోయిందా?" అంది. వెనక వరసంతా ఆగింది. ఆమె నింపాదిగా మూడక్షరాలూ రాసి, తన బియ్యం తను పట్టుకుపోయింది. ఆ తర్వాత రావమ్మ వేలిముద్ర ఏ కాగితం మీదా పడలేదు.

ఇక మా ఘనకార్యం. గుడివాడలో మా కాలేజీ చిన్నది. బీఏ, బీకాం తప్ప ఇంకేం లేవు. అలాంటి చోటికి తొంభై ఏడులో రీసెర్చి ప్రాజెక్టు వచ్చింది. దివిసీమ తీర గ్రామాల్లో వసతుల మీద సర్వే. అది మా ఎకనామిక్స్ లెక్చరరు వెంకటస్వామి సారుది. దాంతోనే ఆయన పీహెచ్‌డీ కూడా. ఫైనలియర్‌లోకి వస్తున్న నలుగుర్ని ఎంచుకుని, తలా ఒక ఊరూ అరవై ఫారాలూ ఇచ్చి బస్సెక్కించారు. రావమ్మ పాలెం నా వాటాకి వచ్చింది. సారు మాత్రం రాలేదు. ఆయనకి ఎండ పడదు మరి!

అవనిగడ్డలో దిగాం. ఊళ్లకి వెళ్లాలంటే ఇంకో బస్సు, ఆపైన నడక. మే నెల. హోటల్లో భోంచేసి, అక్కడే ఫ్యాను కింద కూర్చుని ఫారాలు నింపేశాం. పేర్లకి ఓటర్ల జాబితా ఉంది. మంచినీళ్లు దగ్గర్లో దొరుకుతాయా? అవును. ఏడాది పొడుగునా? అవును. కాదంటే కింద ఇంకో నాలుగు ప్రశ్నలకి జవాబు రాయాలి, అవునంటే వదిలేయొచ్చు. అదండీ మా పరిశోధన! సంతకం దగ్గర కాస్త ఆగాను. "చేపలోళ్లకి సంతకాలెక్కడివిరా, ముద్రలు కొట్టెయ్" అన్నాడు నాని, మా నలుగురిలో ఒకడు. ఇంకు ప్యాడు కొనుక్కొచ్చి అరవైకి అరవై నా బొటనవేలే వేశాను. చిన్నప్పుడు సైకిల్ చైన్లో నలిగి ఆ వేలికి అడ్డంగా గంటు పడింది. ముద్రలో అది తెల్ల గీతలా తేలింది. ఎవడు చూస్తాడులే అనుకున్నాను, సిగ్గులేని వెధవని.

నిజంగానే సారు చూడలేదు. చలికాలానికల్లా నారింజ రంగు అట్టతో పుస్తకం వచ్చేసింది. సెమినారు, శాలువా, ఉప్మా, ఫోటోలు. పాలెం పేరుకి ఎదురుగా పట్టికలో, నూటికి నూరు ఇళ్లకీ మంచినీటి వసతి ఉన్నట్టు అచ్చయింది.

ఆ పుస్తకం మండలాఫీసుకి చేరింది. నీళ్ల ట్యాంకు కట్టాల్సిన ఊళ్ల జాబితా అప్పుడే తయారవుతోంది. అందులో ఉన్న పాలెం పేరు కొట్టేశారు. ఇదేం అన్యాయమని అడగబోయిన రావమ్మకి ఆఫీసరు పుస్తకం చూపించి, "నీళ్లున్నాయని మీరే చెప్పి వేలిముద్రలు వేశారటగా. ఆ కాగితాలు కాలేజీలో ఉన్నాయి, వెళ్లి చూసుకో" అన్నాడు.

మర్నాడే ఆమె మా స్టాఫ్ రూములో ఉంది. సారు ధీమాగా నన్ను పిలిచి బీరువాలోంచి ఫారాలు తెప్పించారు. రావమ్మ ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతూ తన పేరు దగ్గర ఆగింది.

"ఇదెవరి ఏలు మాస్టారూ?"

"నీదేనమ్మా. మర్చిపోయుంటావు."

ఆమె బల్ల మీద పెన్ను తీసుకుని ఆ ముద్ర పక్కనే తన పేరు రాసింది. "నేను ఏలు మానేసి ఆరేళ్లయింది. ఈ మూడు ముక్కలకీ మూడు నెలలు ఏడ్చాను. మీరు ఒక్క పూటలో నన్ను మళ్లీ ఏలిముద్రదాన్ని చేసి కూర్చోబెట్టారు." మిగతావి తిరగేసింది. "సాయిదుర్గ టెన్త్ పాసయింది, దానికీ ఏలే. కోటమ్మత్త పోయి మూడేళ్లయింది. ఆవిడ కూడా కాటికాడ నుంచి లేచొచ్చి ముద్రేసి పోయిందా? అందరికీ ఇదే గంటా?"

గదిలో ఇంకో నలుగురు లెక్చరర్లున్నారు. ఒక్కడూ పేపర్లోంచి తలెత్తలేదు.

"ఈ గంటు ఎవరిదో వాళ్లు ముందుకి రండి. కొట్టను, తిట్టను. మేం పాలెం రాలేదని ఒక్క ముక్క రాసిస్తే కలెక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్తాను. సోమవారం జాబితా వెళ్లిపోద్దంట" అంది.

సారు నా వంక చూశారు. ఆయన డాక్టరేటు ఇంకా చేతికి రాలేదు. నా పరీక్షలు నెలలో ఉన్నాయి. చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాను. "క్లాసులు జరుగుతున్నాయి, ఇక వెళ్లిరామ్మా" అన్నారు సారు.

ఆమె వెళ్లాక ఉండలేకపోయాను. సైకిలేసుకుని బస్టాండుకి పరిగెత్తాను. రావమ్మ గంప పక్కన పెట్టుకుని, అవనిగడ్డ బస్సు ఆగేచోట నిలబడి ఉంది.

"ఆ వేలు నాదేనండి" అన్నాను. ఏడుపొచ్చింది.

"తెలుసు. చెయ్యి జేబులో కుక్కుకున్నావుగా" అంది. "ఇక్కడ నాకు చెప్తే మా బిందె నిండిద్దా? ఆ గదిలో చెప్పు. పద, నేనూ వస్తా. మీ సారు నిన్నేమన్నా అంటే నేనడ్డం ఉంటాలే."

నేను కదల్లేదు. "పరీక్షలండీ" అన్నాను.

బస్సొచ్చింది. ఎక్కలేదు. నా మొహం చూస్తూ నిలబడింది. ముప్పావుగంటకి ఇంకోటి వచ్చింది. "చిన్నోడివి, భయమేసుద్ది. ఇంకాసేపు చూస్తాలే" అని దాన్నీ వదిలేసింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నేల చూపులు చూస్తూ అలాగే ఉన్నాను. చీకటి పడబోతుండగా ఆఖరి బస్సు వచ్చింది. రావమ్మ ఇక నావైపు చూడలేదు, గంప పైకందుకుని ఎక్కేసింది.

మేలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది. జూన్‌లో సారుకి డాక్టరేటు వచ్చింది. పాలేనికి ట్యాంకు రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఆ రెండు మైళ్లూ రావమ్మే నడిచింది.