శాంతమ్మ ఇంట జరగని కూటం

ఇరవై ఏళ్ళకు పైగా దీన్ని గుండెలో రాయిలా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. పిరికితనమేనేమో.

తొంభైల్లో, భిలాయిలో మా తెలుగు విశ్వాసులకు సొంత మందిరం లేదు. ప్రతి బుధవారం సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్ళం. దేవుడు గోడల మధ్య కాదు, కూడిన మనుషుల మధ్య ఉంటాడని వాక్యం చెప్పేది నేనే. ఏ వారం ఎవరిల్లో, ఉక్కు ఫ్యాక్టరీలో అందరి షిఫ్టులూ చూసి నిర్ణయించేదీ నేనే.

చరోదా రైల్వే యార్డు వెనక బస్తీలో శాంతమ్మ ఉండేది. విధవరాలు, ఎండుచేపలు అమ్మేది. తన ఇంట్లో ఒక్కసారి కూటం పెట్టమని ఏడాదిపాటు అడిగింది. చివరికి సరేనన్నాను. తీరా ఆ బుధవారం, ఆమెకు జ్వరమని అందరికీ చెప్పి, కూటం మా క్వార్టర్లో పెట్టేశాను.

ఎందుకు చేశాను? బస్తీ ముందున్న ఆ మురికి కాలువ దాటి మా కూటంలోని ఇంజనీరుగారు ఎలా వస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. శాంతమ్మది మా అమ్మ పుట్టిన పేట. మా కులం నేను ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేదు. తన ఇంట్లో, ఆ సంతోషంలో, ఆమె నోరు జారి మా అమ్మ పేరెత్తితే? ఛీ, అంత చిన్న బతుకు నాది.

ఆదివారం, అద్దె హాల్లో ఆరాధన అయ్యాక, నన్ను పక్కకు పిలిచింది.

"ఏటి బాబూ, ఎవులూ రానేదు? ఇల్లు అలికి, పక్కోళ్ళ దరీ తెచ్చి పరిసి కూకున్నాను."

"అందరికీ సెకండ్ షిఫ్టు పడిందమ్మా."

"పోన్లే, డ్యూటీ కదేటి. దేవుడొక్కడూ వచ్చేడు. ఆయనా నేనూ పాడుకున్నాం."

నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఎవరో ఒంట్లో నయమేనా అని అడిగితే, మర్యాదకు అడిగారనుకుని, దేవుడి దయ అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మళ్ళీ ఆమె అడగలేదు, నేను పిలవలేదు. నేను కాదన్న చోటికి ఆయన వెళ్ళాడంటే, మా క్వార్టర్లో ఆ సాయంత్రం మేం ఎవరికి పాడినట్టు?

రెండేళ్ళకు ఆమె పోయింది. కూటమంతా ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళింది ఆ రోజే. ఇంజనీరుగారు కాలువ దాటి వచ్చి, మట్టినేల మీద కూర్చుని ఏడ్చారు. ప్రార్థన చెయ్యమని నన్నే అడిగారు. తడబడకుండా చేశాను.