ఆకు దూసిన మల్లె

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఆ చలికాలం అందరికన్నా ఎక్కువ మర్యాద జరిగింది ఒక మల్లె కుండీకి. బయట చలి మొదలవగానే దాన్ని హాల్లోకి తెచ్చి, పైన ఊదారంగు లైటు పెట్టింది. పక్కన ఆవిరి వదిలే మిషను. తేమ చూడడానికి మట్టిలో గుచ్చిన ఒక మీటరు. అదే వారం నాకు జ్వరం వస్తే ఒక మాత్ర ఇచ్చి పడుకోమంది.

అంతకు ముందు రెండు మల్లెలు ఇలాగే చలికాలంలో పోయాయి. ఇదీ పోతే ఇక ఇంట్లోకి కుండీ అన్నది రాకూడదని అల్లుడు తేల్చి చెప్పాడు. అందుకని అమ్మాయికి దాని మీదే ప్రాణం. ప్రాణం ఉంటే చాలదు, కాస్త బుర్ర కూడా ఉండాలి.

రోజూ నీళ్ళు. అవీ మామూలు నీళ్ళు కావు, బియ్యం కడుగు. డిసెంబరు వచ్చేసరికి ఆకులు పండి రాలసాగాయి. హాలంతా పులిసిన వాసన, కుండీ చుట్టూ సన్నటి పురుగులు. అల్లుడు అన్నం తింటూ చేత్తో విసురుకునేవాడు. అమ్మాయి ఫోనులో ఆంటీల గ్రూపును అడిగింది. ఒకరు పసుపు చల్లమన్నారు, ఒకరు మజ్జిగ పోయమన్నారు, ఇంకొకామె దాల్చినచెక్క పొడి అంది. అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే. మొక్కకా, కూరకా అని అడిగాను.

కడుగు పోయమని ఏళ్ళ కిందట ఫోనులో చెప్పింది నేనే, కాదనను. అప్పుడు నా మనసులో ఉన్నది పెరటి నేల. కార్పెట్ మీది కుండీకి అదే పోస్తుందని నాకేం తెలుసు? ఆ తేడా తెలియనిదానికి ఇంజనీరు ఉద్యోగం ఎలా ఇచ్చారో.

చలికాలం మల్లెకు ఉపవాసం. నీళ్ళు మాన్పించి, ఆకు దూసి ఎండగడితేనే ఎండాకాలానికి మొగ్గ తొడుగుతుంది. అదే చెబితే, "అమ్మా, ఇది ఇండియా కాదు, ఇక్కడ క్లైమేట్ వేరే," అంది. మొక్క పాస్‌పోర్టు చూసుకుని చిగురిస్తుందా?

ఒక రోజు ఆమె ఆఫీసుకు వెళ్ళగానే లైటూ మిషనూ తీసేసి అట్టపెట్టెలో పెట్టాను. కణుపులకు దెబ్బ తగలకుండా ఆకంతా దూశాను. పులిసిన పైమట్టి తీసి పారేశాను. కుండీని ఒక్కో మెట్టూ దింపి, వేడి తక్కువగా ఉండే బేస్‌మెంటులో కిటికీ కింద పెట్టాను.

సాయంత్రం వచ్చి చూసి మెట్ల మీదే కూలబడింది.

"చంపేశావు కదమ్మా."

"చంపుతున్నది నువ్వు. నేను ఆపాను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మిషను చప్పుడూ లేదు, హాయిగా ఉంది.

పది రోజులకొక చిన్న గ్లాసుడు నీళ్ళు నేనే పోశాను. ఫిబ్రవరి దాటినా అది పుల్లల కట్టలాగే ఉంది. ఎవరూ చూడకుండా దిగి, పుల్ల మీద గోటితో గీరి, లోపల పచ్చగా ఉందో లేదో చూసి వచ్చేదాన్ని.

మార్చిలో బట్టలు ఉతకడానికి కిందికి వెళ్ళిన అమ్మాయి ఎంతకీ పైకి రాలేదు. వెళ్ళి చూస్తే కుండీ ముందు కూర్చుని ఉంది. కణుపు కణుపుకూ చిగురు. ఫోను పైకెత్తి ఫోటో తీసింది.

దాన్ని గ్రూపులో పెట్టి కింద ఏం రాసిందో అల్లుడు నవ్వుతూ చదివి వినిపించాడు. లైటు మంచిదైతే మల్లె బతుకుతుందట. అది ఎక్కడ కొన్నావని ఆంటీలు అడుగుతున్నారట.

"ఇంకో కుండీ తెద్దామా అత్తయ్యా?" అన్నాడు.

ముందు మీ ఆవిడ చేతిలో చెంబు లాక్కోమన్నాను.